ఇనుము లేని తుప్పు

తుప్పు వదిలించుకోవడానికి మనం పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. కిటికీ ఊచలకు రంగు, గేటుకు రెడ్ ఆక్సైడు, కుట్టుమిషనుకు నూనె, కత్తిపీటకు ఇటుకపొడి. ప్రతి ఇంట్లోనూ ఏడాదికి ఒకసారైనా తుప్పుతో యుద్ధం జరుగుతుంది. అటువంటిది, వెయ్యేళ్ళు నానబెట్టినా తుప్పుపట్టని ప్లాస్టిక్ బొమ్మను డబ్బుపోసి కొనుక్కుని, రాత్రిళ్ళు దీపం కింద కూర్చుని దానికి తుప్పు పట్టించే మనుషులు వున్నారంటే మీరు నమ్ముతారా? వున్నారు. దేశదేశాల్లో వేలమంది వున్నారు. మన సికింద్రాబాదులోనూ వున్నారు.

వారిలో ఒకడు మా తమ్ముడి కొడుకు. తిరుమలగిరిలో మా ఇంట్లోనే వుండి ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి గదిలో పుస్తకాలు ఒక వంతు, ట్యాంకులు మూడు వంతులు. జానెడు పొడుగు ట్యాంకులు సుమండీ! ముక్కలు ముక్కలుగా పెట్టెలో వస్తాయి. ఒక్కొక్క ముక్కనూ కత్తిరించి, ఆకురాయితో అంచులు అరగదీసి, జిగురుతో అతికించి, రంగులు వెయ్యాలి. ఆడపిల్లలకు రాని విద్యేమీ కాదు. ముగ్గు వేసే చేతికీ, జాకెట్టుకు అద్దాలు కుట్టే చేతికీ వుండే నిలకడే దీనికీ కావాలి.

ఈ బొమ్మల్లో చాలావరకు 35వ వంతు కొలతలో వుంటాయి. అసలు బండి 35 అడుగులుంటే బొమ్మ ఒక్క అడుగు. ఈ 35 అనే అంకె ఏ శాస్త్రమూ విధించింది కాదు. 1960ల ఆరంభంలో జపానులోని తమియా కంపెనీవారు జర్మనుల పాంథర్ ట్యాంకును బొమ్మగా తయారుచేస్తూ, కడుపులో చిన్న మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేటంత చోటు చూసుకుంటే ఆ కొలత కుదిరిందట. కుదిరిందే తడవుగా అది లోకానికంతకూ ప్రమాణమై కూర్చుంది. మన ఆచారాలు కొన్ని ఎట్లా పుట్టివుంటాయో ఆలోచించే వారెవరూ దీన్ని చూసి నవ్వనక్కరలేదు.

రంగు వేసిన బొమ్మ మొదట పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకులా వుంటుంది. చూడముచ్చటే గాని ఎక్కడికీ వెళ్ళి వచ్చినట్టుండదు. ట్యాంకు అన్నాక బురదలో దొర్లాలి, ఎండకు వెలవాలి, గీసుకోవాలి, తుప్పు పట్టాలి. 1970లలోనూ 80లలోనూ బెల్జియం దేశస్థుడు ఫ్రాన్స్వా వెర్లిండెన్ వంటివారు ఈ అరుగుదలను చూపించడాన్ని ఒక కళగా ప్రచారంలోకి తెచ్చారు. 2000 తరువాత స్పెయినుకు చెందిన మిగ్ హిమెనెజ్ వంటివారు దుమ్మునూ తుప్పునూ పొడులుగా చేసి సీసాలకెత్తి అమ్మకానికి పెట్టారు. పాత ఇనుము కొనేవాడు తుప్పుకు తరుగు తీస్తాడు. వీరు తుప్పుకే వెల కడతారు.

తెలుగు మాస్టారికి ట్యాంకుల గొడవేమిటి అంటారా? ఒక మాట మీద నా దృష్టి పడింది, అందుకు. నిఘంటువు తిరగేస్తే పాతకాలపు రూపం 'త్రుప్పు'. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. దాన్నే కిలుము అనేవారూ వున్నారు. ఇనుముకు పట్టేది తుప్పు. ఈ తేడా మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పట్నాలలో రెండూ కలిపేస్తున్నారు. ఇంగ్లీషు పాఠం చెప్పే మా మిత్రుడొకరు, రాగిచెంబు తుప్పు పట్టిందని నా ముందే అన్నారు. నేను ఊరుకున్నాను గాని చెంబు ఊరుకుంటుందా? పైగా మనవాళ్ళు తుప్పును తిట్టుగానూ వాడారు. తుప్పుపట్టిన బుర్ర అంటారు. గట్టిగా చివాట్లు పెడితే తుప్పు వదలగొట్టాడంటారు. ఆ చివరి మాటకు అర్థం మావాడికి ఒక సాయంత్రం ప్రత్యక్షంగా తెలిసింది.

మా వీధి చివర ఒక సుబేదారుగారున్నారు. గోదావరి జిల్లా మనిషి. సైన్యంలో ఇ.ఎం.ఇ. అనే యంత్రాల విభాగంలో పనిచేసి, చివరకు ఈ ఊళ్ళోనే స్థిరపడ్డారు. మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ మన తిరుమలగిరిలోనే వుంది గదా. ఆ విద్య నేర్చుకోవడానికి దేశం నలుమూలలనుంచీ ఇక్కడికే వస్తారు. 1971 యుద్ధం నాటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. ట్యాంకు ఎక్కి పోరాడిన వారు కారు. చెడిపోయిన ట్యాంకులను బాగుచేయడం, కదలలేని వాటిని లాక్కురావడం ఆయన పని.

మావాడు రష్యావారి టి-55 ట్యాంకు ఒకటి పూర్తిచేసి ఎంతో సంబరంగా ఆయనకు చూపించాడు. 1971లో మన సైన్యం వాడిన ట్యాంకుల్లో అదొకటి. నిలువెల్లా నారింజరంగు తుప్పు. నాకైతే బ్రహ్మాండంగానే వుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని నాలుగువైపులా తిప్పి చూశారు.

"ఏ రెజిమెంటు బండి బాబూ ఇది?"

"మనదే తాతగారూ. 71 యుద్ధంలోది."

"అట్లాగా! ఆ రెజిమెంటులో వాళ్ళంతా ఒకేసారి సెలవు మీద పోయారా?"

మావాడి ముఖం చిన్నబోయింది. ఆయన ఊరుకోలేదు. "మాస్టారూ, మీరూ వినండి" అని నన్నూ కూర్చోబెట్టారు. సైన్యంలో బండిని పశువును చూసినట్టు చూస్తారట. పొద్దున్నే తుడవాలి, నూనె చూడాలి, గ్రీజు పెట్టాలి. రంగు లేచిన చోట వెంటనే రంగు వెయ్యాలి. పై అధికారి వచ్చి వేలితో రుద్దితే వేలికి తుప్పు అంటుకుందా, ఆ పూట ఆ బండివాళ్ళ పని అయిందే. "నువ్వు వేసిన ఈ తుప్పంతా నలుగురు జవాన్ల మీద నింద, తెలిసిందా?" అన్నారు. టి-55కు నలుగురే మనుషులు మరి: నాయకుడు, గురి చూసేవాడు, గుండు పెట్టేవాడు, తోలేవాడు.

ఆ మాట మావాడికే కాదు, నాకూ పట్టుకుంది. మనం తుప్పును ఒక రంగు అనుకుంటాం. ఆయనకు అది ఒక సమాచారం. ఎక్కడ తుప్పు వుందో చూసి, ఆ బండి ఎవరి చేతిలో వుంది, ఎన్నాళ్ళు కదలలేదు, ఏమి జరిగింది అన్నది చెప్పగలరు. కనుక బొమ్మకు తుప్పు వేసేవాడు కుంచె పట్టుకోబోయే ముందు ఆ బండికి ఏమి జరిగిందో తేల్చుకోవాలి. అది తేలకపోతే ఎంత మంచి రంగయినా వృథా.

అయితే వాడుకలో వున్న బండికి తుప్పే పట్టదా? పడుతుంది, దాని చోట్లు దానికున్నాయి. పొగగొట్టం మొదటిది. టి-55కు అది ఎడమపక్క మడ్‌గార్డు మీద వుంటుంది. ఆ వేడికి ఏ రంగూ నిలవదు. ఎన్నిసార్లు వేసినా కాలి ఊడిపోతుంది. చుట్టూ గోధుమరంగు, నోటి దగ్గర మసి. రెండోది మూతల చుట్టూ అంచులు. బూట్లతో ఎక్కి దిగే చోట రంగు అరిగి ఇనుము బయటపడుతుంది. లాగే కొక్కేలు, ఇనుపతాడు, పక్కన కట్టివుంచే పారా గునపాలు మరో జాబితా. పార కొనకు తుప్పుండదు. మట్టిని కోసి కోసి అది మెరుస్తుంది. కర్ర దూర్చే మెడ దగ్గరే తుప్పంతా.

అన్నిటికన్నా ముఖ్యమైనవి చక్రాల మీదుగా తిరిగే ఇనుప పట్టీలు. మాంగనీసు కలిసిన ఉక్కుతో పోతపోసిన ఆ పలకలకు రంగే వేయరు. రాత్రి మంచు తగిలితే తెల్లవారేసరికి ఎర్రబడతాయి. నాలుగడుగులు నడిస్తే నేలకు ఆనే చోట వెండిలా మెరుస్తాయి. ఇది పుస్తకాలు చూసి నేర్చుకోనక్కరలేదు. సికింద్రాబాదు స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి కిందికి చూడండి. రైలుపట్టా తల అద్దంలా వుంటుంది. దాని పక్కలు ముదురు గోధుమరంగు. చుట్టూ వున్న కంకర కూడా, బ్రేకుల నుంచి రాలిన ఇనుపపొడి పడి, అదే రంగు తిరిగి వుంటుంది. అల్లంత దూరాన బండ్లు ఆగని పక్కదారి ఒకటి కనిపిస్తుంది. దాని పట్టా తల కూడా ఎర్రగానే వుంటుంది. టైంటేబులు చూడకుండానే ఏ దారిన రైలు నడుస్తున్నదో చెప్పవచ్చు. రైలు ఆలస్యమైనప్పుడు విసుక్కోవడం మాని ఈ పరీక్ష చేసి చూడవలసిందిగా పాఠకులకు మనవి.

ఇక చేసే విధానం. తుప్పు అనగానే చాలామంది ఎర్రరంగో నారింజరంగో తీస్తారు. అక్కడే పొరపాటు. పాత తుప్పు ముదురు, దాదాపు వేయించిన కాఫీగింజ రంగు. కొన్ని నెలలదైతే గోధుమ. నిన్నో మొన్నో తడి తగిలి పుట్టినది మాత్రమే పసుపు కలిసిన నారింజ. కనుక ముదురుతో మొదలుపెట్టి, దాని నడుమ అక్కడక్కడ తేలికరంగు చుక్కలు పెట్టుకుంటూ రావాలి. తేలికరంగు ఎంత తక్కువైతే అంత నమ్మకంగా వుంటుంది.

దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కొత్త వస్తువుల పెట్టెల్లో అడ్డంపెట్టే మెత్తటి స్పాంజి ముక్క ఒకటి గోరంత చింపుకోండి. కత్తెరతో కోయవద్దు, చింపితేనే అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. ముదురు గోధుమరంగులో ముంచి, పాత పత్రిక మీద అద్ది అద్ది రంగు అంతా అయిపోయిందనుకున్నాక బొమ్మ అంచుల మీద తేలిగ్గా తాకించండి. సన్నటి మచ్చలు పడతాయి. కుంచెతో గంటసేపు కూర్చుని పెట్టినా అంత సహజంగా రావు. మనిషి చెయ్యి పెట్టే చుక్కలు తెలియకుండానే బారులు తీరుతాయి. తుప్పుకు బారులు తీరడం తెలియదు.

చుక్క ఎంత వుండాలన్నది ఇంకో ప్రశ్న. ఆవగింజ ఒకటిన్నర మిల్లీమీటర్లు వుంటుందనుకోండి. బొమ్మ మీద ఆవగింజంత మచ్చ పెడితే 35 రెట్లు లెక్కన అసలు ట్యాంకు మీద అది అయిదు సెంటీమీటర్ల పైమాట, మంచి నిమ్మకాయంత. వాడుకలో వున్న ట్యాంకు మీద నిమ్మకాయలంత మచ్చలు ఒళ్ళంతా వుంటాయా? సుబేదారుగారు నవ్వింది సరిగ్గా ఇందుకే. చుక్క కంటికి కనపడీ కనపడనట్టు వుండాలి. భూతద్దం లేకుండా పని చేయలేనివారు నిస్సంకోచంగా భూతద్దం పెట్టుకోవచ్చు. కంసాలి పెట్టుకోవడం లేదా?

రంగు లేచిపోయి కింద తుప్పు బయటపడినట్టు చూపించడానికి రెండు ఉపాయాలున్నాయి. రెండూ ఇంట్లో దొరికేవాటితోనే. ఒకటి ఉప్పు. ముందు బొమ్మకు తుప్పురంగు వేసి బాగా ఆరనివ్వాలి. తరువాత కావలసిన చోట నీటితో తడిచేసి, నలగ్గొట్టిన కల్లుప్పు చల్లాలి. నీరు ఆరితే ఉప్పు అక్కడే అంటుకుంటుంది. దాని మీదుగా ట్యాంకు అసలు రంగు వేసి, ఆరాక వేలితో ఉప్పు రాల్చేస్తే, ఉప్పున్న చోటల్లా తుప్పు తొంగిచూస్తుంది. పొడి ఉప్పు ఒక్కటే వాడితే మచ్చలన్నీ ఒకే సైజులో వస్తాయి. గరుకూ మెత్తనా కలపాలి. రెండో ఉపాయం జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే. తుప్పురంగు మీద వార్నీషు, దాని మీద ఈ స్ప్రే రెండు పూతలు, దాని మీద నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగు. కొద్దిసేపాగి, తడికుంచెతో నెమ్మదిగా రుద్దితే, స్ప్రే పొర నీటికి కరిగి పైరంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. వార్నీషు మానేస్తే అడుగున తుప్పురంగు కూడా లేచిపోతుంది, జాగ్రత్త. కేశాలంకరణకు పుట్టిన వస్తువు యుద్ధట్యాంకుల మీదికి ఎట్లా ఎక్కిందో గాని, ఇంట్లో ఆడవాళ్ళు తమ సీసా ఇంత త్వరగా ఎందుకు ఖాళీ అవుతున్నదని ఆశ్చర్యపోతుంటే ఈ పేరా చదివించండి.

వర్షం తెచ్చే చారలు ఇంకొక పని. తుప్పు పుట్టిన చోటే వుండదు. వాన నీటితో కిందికి కారుతుంది. ఆయిల్ రంగు గుండుసూది తలంత తీసుకుని ఒక బోల్టు కింద పెట్టండి. టర్పెంటైనులో తడిపి గుడ్డకు తుడిచిన కుంచెతో పైనుంచి కిందికి, కిందికే, లాగండి. పది నిమిషాలాగి మళ్ళీ లాగండి. మరకలా మిగలాలి గాని గీతలా కాదు. కిటికీ తలుపులు తెరిచి చేయాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇప్పుడు పొడుల సంగతి. విదేశీ సీసాలో తుప్పుపొడి తెప్పించుకోవడానికి మావాడు చెప్పిన ధర విని నాకు నోట మాట రాలేదు. ఆ ఆదివారం వాణ్ణి మోండా మార్కెట్టుకు తీసుకువెళ్ళి జాజు కొనిపెట్టాను. తెలంగాణ పల్లెల్లో పండుగ ముందు అరుగులకూ గోడలకూ పూసే ఎర్రమన్ను అదే. కోస్తాలో కావి అంటారు. ఆ ఎరుపు ఇనుముది. ఇనుమూ ప్రాణవాయువూ కలిసిన పదార్థం మట్టిలో వుండబట్టే దానికి ఆ రంగు వచ్చింది. తుప్పు కూడా ఇనుమూ ప్రాణవాయువే, తడి తోడుగా. రెండూ ఒకే కుటుంబం. ఇంకా చిత్రమేమంటే, గేటుకు తుప్పు రాకుండా పూసే రెడ్ ఆక్సైడులో ఎరుపూ ఆ కుటుంబానిదే. తుప్పుకు మందుగా తుప్పు దాయాదినే పూస్తున్నామన్నమాట! సీసా చీటీ తీసేస్తే విదేశీ పొడికీ మన జాజుకూ నాకైతే తేడా తెలియలేదు. ఒక్క చిక్కు: జాజు గరుకు. మల్లుగుడ్డలో రెండుసార్లు జల్లించాలి; లేకపోతే ఇందాకటి నిమ్మకాయల లెక్క మళ్ళీ వస్తుంది.

పసుపు ఓకరు మన్ను దొరికితే మరో తమాషా చేయవచ్చు. ఇనుప గరిటెలో కొంచెం వేసి మంట మీద బాగా కాల్చండి. కళ్ళ ఎదుటే పసుపు ఎరుపవుతుంది. ఆ మన్నులోని తడి అంశం పోయి, మిగిలినది జాజు జాతిలో కలుస్తుంది. చిత్రకారులు వాడే బర్న్ట్ సియెన్నా రంగుకు ఆ పేరు ఇందుకే. ఇటలీలోని సియెన్నా మన్నును కాల్చి చేసింది. ఆ పసుపు ఖనిజం పేరు గోథైటు. పాత తుప్పులో వుండేదీ అదే. 1806లో జర్మనీ వారు తమ మహాకవి గోథే పేరిట దానికి ఆ పేరు పెట్టారు. శాకుంతలం చదివి పరవశించి పద్యం చెప్పిన గోథేయే. ఆయనకు ఖనిజాలంటే ప్రాణం. కవిసార్వభౌముడికి కనకాభిషేకం చేసిన దేశం మనది. మహాకవిని తుప్పులో చిరస్మరణీయుణ్ణి చేసిన దేశం అది. ఎవరి మర్యాద వారిది.

అసలు తుప్పే కావాలనేవారికి ఒక దారి వుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు. దానికి తుప్పు పట్టదు. వడ్రంగులు చెక్క నునుపుచేసే సన్నటి స్టీల్ వూల్ రాణీగంజ్ హార్డువేరు దుకాణాల్లో అడగండి. సబ్బుతో కడిగి నూనె పోగొట్టి, గంటసేపు వెనిగరులో వుంచి, ఉప్పునీళ్ళు చిలకరించి పింగాణీ పళ్ళెంలో ఆరబెడితే రెండుమూడు రోజుల్లో తుప్పు. నలిపి, నీళ్ళు పోసి తేర్చి ఉప్పు వంచేసి, ఆరబెట్టి జల్లించాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. త్వరగా కావాలని ఆ వెనిగరులో బ్లీచింగు పౌడరు మాత్రం కలపవద్దు, విషవాయువు పుడుతుంది. పిల్లలున్న ఇల్లు కనుక ఈ ఒక్కటీ గట్టిగా చెబుతున్నాను.

ఇంతా చేసి, బండి దేనితో చేశారో తెలుసుకోకపోతే నవ్వులపాలవుతాం. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన ఆర్డ్నెన్సు ఫ్యాక్టరీ వుంది. అక్కడ తయారయ్యే సారథ్ బండి ఉక్కుది. నీటిలో ఈదగలదు, తుప్పూ పట్టగలదు. అదే అమెరికావారి ఎం-113 బండి చూడబోతే సారథ్‌కు వరసకు తమ్ముడిలా వుంటుంది గాని, దాని పెట్టె అంతా అల్యూమినియం. దానికి ఎర్రతుప్పు వేస్తే వెండిగిన్నెకు చీడ పట్టిందన్నట్టే. అట్లాగే వాతావరణం. రాజస్థాను ఎడారిలో ఇసుక రంగును గీకేస్తుంది, ఎండ వెలవెలబోయేలా చేస్తుంది. తుప్పుకు తడి చాలదు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి ఆగేది లేదు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో 2002 నుంచి ప్రదర్శనకు పెట్టిన కుర్సురా జలాంతర్గామిని చూసినవారికి, 91 మీటర్ల ఉక్కును ఆ గాలిలో నిలబెట్టుకోవడానికి ఎంత సేవ కావాలో తోచకమానదు.

ఇక నంబరు. పెట్టెలో బొమ్మతోపాటు తడిపి అంటించే నంబర్ల కాగితం ఒకటి వస్తుంది. నంబరు అంటించేదాకా అది ఏదో ఒక ట్యాంకు. అంటించాక ఫలానా ట్యాంకు. 1971 డిసెంబరు 16న బసంతర్ పోరులో, ఇరవయ్యొక్కేళ్ళ సెకండ్ లెఫ్టినెంటు అరుణ్ ఖేత్రపాల్ తన సెంచూరియన్ ట్యాంకులోనే ప్రాణం విడిచాడు. పరమవీరచక్ర వచ్చింది. ఆ ట్యాంకు పేరు ఫామగుస్తా, నంబరు జె.ఎక్స్. 202. ఆయన రెజిమెంటు పూనా హార్స్. అంతకు ఆరేళ్ళ ముందు, 1965లో, అదే రెజిమెంటును నడిపిస్తూ సెప్టెంబరు 16న నేలకొరిగి పరమవీరచక్ర పొందిన లెఫ్టినెంట్ కల్నల్ అర్దెషిర్ తారాపూర్ మన హైదరాబాదు సంస్థానపు సైన్యంలో కొలువు మొదలుపెట్టినవాడు. బొమ్మ మీద 202 అని అంటించేవాడు ఆ తరువాత ఇష్టం వచ్చినట్టు తుప్పు వేయడానికి వీల్లేదు.

సుబేదారుగారి పాఠం తరువాత మావాడు ఆ టి-55ను కడిగి మళ్ళీ రంగు వేశాడు. ఈసారి పొగగొట్టం, పట్టీలు, మూతల అంచులు, అంతే. ఆయన చూసి, "ఇప్పుడు దీన్ని పెరేడుకు పంపవచ్చు" అన్నారు. దానితో వాడికి ధైర్యం వచ్చి, మనసులో ఎన్నాళ్ళ నుంచో వున్నది అడిగాడు: కాలిపోయిన ట్యాంకు ఒకటి చేయాలని. ఈ విద్యలో అందరికీ మోజైనది అదే. తుప్పు విచ్చలవిడిగా వేయడానికి వీలున్నది అక్కడే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మామూలు గొంతుతోనే చెప్పారు. మంటల్లో రంగంతా కాలిపోయి ఉక్కు దిగంబరంగా మిగులుతుందట. డిసెంబరు నెల, పంజాబు మంచు. రెండు రాత్రులు గడిచేసరికి బండి నారింజరంగుకు తిరిగిపోతుంది. "దాన్ని లాక్కురమ్మని మమ్మల్ని పంపేవారు. అరమైలు దూరాన రంగు చూస్తేనే తెలిసిపోయేది, లోపలికి వంగి పిలవనక్కరలేదని." ఆగి, మావాడి చేతిలోని స్పాంజి ముక్క కేసి చూశారు. "చెయ్యి. చెయ్యవద్దనను. కాని అంతా ఒక్కలా పులమకు. మంట ఒక పక్కే ఎక్కువ పడుతుంది. మంట తగలని చోట పాత రంగు అట్లాగే వుంటుంది. చక్రాల రబ్బరు కాలి తెల్లటి బూడిద అవుతుంది, అది మరిచిపోకు. నంబరు మాత్రం వెయ్యకు."

మావాడు ఆ బొమ్మ మూడు నెలలు చేశాడు. బూడిదకు ముగ్గుపిండి వాడాడు. ఎడమపక్క అరచేతిలో సగమంత మేర పాత ఆకుపచ్చ వదిలాడు. ఇప్పుడది వాడి బీరువాలో పై అరలో వుంది. నంబర్ల కాగితం ఒక్క అంకె కూడా కత్తిరించకుండా దాని పెట్టెలోనే వుంది.